ఐసుపెట్టెలో మెడ బిళ్ళలు

ఏలూరు వెళ్ళే ప్యాసింజరు భీమడోలులో ఆగింది. ఎవరో చేపల గంపతో ఎక్కారు. ఆ నీచు మా పెట్టె దాటి, ఇంజను దాటి, డ్రైవరు తెచ్చుకున్న పెరుగన్నం క్యారేజీలోకి కూడా దూరి ఉంటుంది. నాకు మాత్రం గంప తట్టలేదు. "బావగారు ఎక్కార్రా దేవుడా" అనుకుని, అలవాటు కొద్దీ కాళ్ళు లోపలికి లాక్కుని, పక్క సీటు ఖాళీ లేదన్నట్టు సంచి పెట్టేశాను. అంతలో ఫోను మోగింది. మేనల్లుడు. "మావయ్యా, నాన్న పోయారు" అన్నాడు. పొద్దున్నే షెడ్డులో లారీకి లోడు ఎత్తిస్తూ కూలబడ్డారట.

నేను ముందు చేసిన పని కళ్ళు తుడుచుకోవడం కాదు. సీటు మీద సంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఇంక ఆ సీటుకి వచ్చిన ప్రమాదం లేదు.

పోయిన మనిషి గురించి ముందుగా కాసిని మంచి మాటలు రాయడం మర్యాద కాబట్టి అవి రాసేసి చేతులు కడుక్కుంటాను. ఆయన తాగేవారు కాదు. ఎవరి మీదా చెయ్యెత్తలేదు. ఎంత దరిద్రపు మాటైనా చివర 'అండి' తగిలించి మెత్తగా అనేవారు. అయిపోయింది. ఇక అసలు మనిషి దగ్గరకొద్దాం.

నేను తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారిని. వాసనల విషయంలో సుకుమారం చూపించే హక్కు నాకు లేదు. మా మార్కెట్టులో కుళ్ళు బస్తా ఒకటి విప్పితే పైన ఎగిరే కాకులు దారి మార్చుకుని పెంటపాడు మీదుగా పోతాయి. అలాంటి చోట ముప్పూటలా టిఫినూ భోజనమూ చేసే ముక్కు నాది. ఆ ముక్కుని చిత్తుగా ఓడించినవాడు మా అక్క మొగుడు. కొల్లేటి చెరువుల్లో చేపలు కొని, ఐసులో సర్ది, లారీలకెత్తి ఎక్కడెక్కడి ఊళ్ళకో పంపడం ఆయన వ్యాపారం. ఆకివీడులో షెడ్డు, షెడ్డు వెనకే కాపురం. తెల్లచొక్కా తప్ప తొడిగేవారు కాదు. దాని మీద అంటుకున్న పొలుసులు ఎండలో ఎలా మెరిసేవంటే, మా ఇంట్లో పెళ్ళికొచ్చిన ఓ పెద్దావిడ "అన్నయ్యగారూ, ఈ జరీ పని ఎక్కడ చేయించారండీ?" అని చెంగుతో ముట్టుకుని చూసింది. ఆ చీర మళ్ళీ ఆవిడ కట్టగా నేను చూళ్ళేదు.

నోట్లో జర్దా కిళ్ళీ లేని బావగారిని కన్నతల్లి కూడా గుర్తుపట్టలేదు. ఉమ్మడానికి ఆయనకి ఫలానా చోటని పట్టింపు లేదు. తూము కనపడితే తూములో, మొక్క కనపడితే మొక్క మొదట్లో, ఏదీ కనపడకపోతే ఎదురుగా. ఆయన మా ఇంటికి రాకపోకలు ఎక్కువైన రోజుల్లో పెరట్లో నందివర్ధనం ఎర్రగా పూస్తుందేమోనని నేను నిజంగా భయపడ్డాను. పెళ్ళయిన కొత్తలో ఆ కిళ్ళీనే సగం కొరికి, నోట్లోంచి తీసి మా అక్క నోట్లో పెట్టేవారట. అది ముద్దు. లోకంలో మొగుళ్ళు పెళ్ళాలకి మల్లెపూలిస్తారు, కోవాబిళ్ళలిస్తారు. నమిలిన వస్తువు ఇచ్చి ప్రేమ ప్రకటించినవాడు నాకు తెలిసి మా బావగారొక్కరే. అలా అక్కకీ జర్దా అలవాటైంది.

మనుషుల్ని చూసే చూపు కూడా చేపని చూసేదే. చేప తాజాదో కాదో మొప్ప ఎత్తి చూస్తారు, వేలితో నొక్కి చూస్తారు. కండ గట్టిగా ఉంటే మంచి సరుకు, మెత్తబడితే పాడైనట్టు. చుట్టాలింటికి వస్తే చిన్నా పెద్దా అందరికీ ఈ పరీక్ష తప్పేది కాదు. మా చిన్నాన్న జ్వరంతో మంచం పడితే పలకరించడానికొచ్చి, దుప్పటి తీసి, బొటనవేలితో పొట్ట నొక్కి, పడిన గుంట లేచేదాకా చూసి, "పర్లేదండి, ఇంకా కొన్నాళ్ళు నిలవుంటారు" అన్నారు. చిన్నాన్న ఆ కోపంతోనే లేచి తిరిగాడు.

ఆయనకి దేవుడంటే ఐసు. "ఐసుంటే చావు లేదండి బావమరిదిగారూ" అనేవారు, కిళ్ళీ ఈ బుగ్గలోంచి ఆ బుగ్గలోకి మారుస్తూ. అమ్మవారి దండలు ఐసులో, మామిడిపళ్ళు ఐసులో, పక్కింటాయన షుగరు ఇంజక్షన్లు బొచ్చె చేపల పొట్ట కింద ఐసులో. దేవుడున్నాక రాక్షసుడూ ఉండాలి కదా. ఆ రాక్షసుడి పేరు ఫార్మలిన్. ఎక్కడో ఉత్తరాదికి వెళ్ళిన ఆయన లారీని, చేపలకి ఫార్మలిన్ పూశారని ఎవరో పుకారు పుట్టిస్తే, ఊరి బయటే ఆపి వెనక్కి తిప్పేశారు. సరుకంతా రోడ్డు పక్కన గొయ్యి తీసి పూడ్చారట. "నా చేప మీద నేను శవాల మందు పూస్తానా అండి!" అని ఆ మాట వచ్చినప్పుడల్లా ఉమ్మేవారు. మామూలుగా ఉమ్మేదానికి రెట్టింపు దూరం వెళ్ళేది.

ఇంత చెప్పింది మా అక్క మెడ కోసం.

అక్కకి నాలిక పక్కన పుండు లేచింది. "ఏవండీ, కారం తగిలితే ప్రాణం పోతోందండీ" అంటే, "పన్ను గీసుకుంటోంది, అంతే" అన్నారు. కొన్నాళ్ళకి దవడ కింద బిళ్ళ కట్టింది. నేను చూడ్డానికి వెళ్ళినప్పుడు బావగారు నా ఎదురుగానే అక్క గడ్డం పట్టుకుని, మొప్ప ఎత్తినట్టు దవడ పైకెత్తి, చేపలు పట్టిన చేత్తోనే ఆ బిళ్ళని నొక్కారు. నొక్కి తృప్తిగా తలాడించారు.

"రాయిలా ఉందండి. పాడైతే మెత్తబడాలి కదా. ఇది గట్టిగా ఉంది. భయం లేదు."

"బావగారూ, మెడలో గట్టి బిళ్ళ మంచిది కాదంటారండీ" అన్నాను.

"ఎవరంటారు? ఉల్లిపాయలోళ్ళా?" అని నవ్వారు. "పట్టుబడి అయిపోనివ్వండి. అప్పుడు చూపిద్దాం."

చెరువులో చేపలు తీసేదాకా ఆగాలట, పెళ్ళాం మెడ. ఆగలేదు నేను. మర్నాడే అక్కని బస్సెక్కించి ఏలూరు తీసుకెళ్ళాను. బావగారు వెనకాలే వ్యానులో వచ్చారు. వాసన ముందొచ్చింది.

ముక్క పరీక్షలో నాలుక క్యాన్సరని తేలింది. ఆపరేషను చేసే డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, ఓపిక మాత్రం తొంభై ఏళ్ళ మనిషిది. నాలుక మీద పుండుతో పాటు ఆ పక్క మెడలో ఉన్న బిళ్ళలన్నీ చుట్టూ ఉన్న కొవ్వుతో సహా తీసెయ్యాలని చెప్పింది.

"అన్నీ ఎందుకండీ?" అన్నారు బావగారు. "చెడింది ఒక్కటే కదండి. ట్రేలో ఒక్క చేప పాడైతే మేం ఒక్కటే తీసి పారేస్తాం."

"పైకి బాగున్న బిళ్ళలో కూడా లోపల జబ్బు ఉండొచ్చండీ. అన్నీ తీసి మైక్రోస్కోపులో చూస్తేనే తెలిసేది."

అక్క ఒక్కటే అడిగింది. "కరెంటు పెడతారా అమ్మా?"

రేడియేషన్ని మా వైపు కరెంటనే అంటారు. మా అక్క తోడికోడలికి కరెంటు పెట్టారు. నోరు ఎండి, రుచి పోయి, బతికినన్నాళ్ళూ గంజి తాగి, ఆ గంజిని కూడా తిట్టుకుంటూ బతికింది. మా అక్క అరచేతిలో పులుసు చుక్క వేసుకుని నాలిక చివర తాకించి, ఉప్పు ఏ పక్క తక్కువైందో చెప్పగల మనిషి. చావుకన్నా కరెంటుకే ఎక్కువ భయపడింది.

"ఒక్క బిళ్ళలోనే ఉండి, దాని పొర చీల్చుకుని బయటికి రాకపోతే కరెంటు లేకుండా గడిచిపోవచ్చమ్మా" అంది డాక్టరమ్మ. "అది రిపోర్టులో తేలాలి."

అంటే అక్క నోరు, అక్క రుచి, అక్క ఉమ్మి, అన్నీ మెడలోంచి తీసే ఆ కొవ్వుముద్ద చెప్పబోయే సాక్ష్యం మీద ఆధారపడి ఉన్నాయి. ఆ ముక్క నాకు అర్థమైంది, అక్కకి అర్థమైంది, బయట వార్డు తుడిచే ఆవిడకి కూడా అర్థమైనట్టే ఉంది. బావగారు మాత్రం కిటికీలోంచి ఉమ్మడానికి వెళ్ళారు.

శనివారం ఆపరేషను అయింది. చెవి వెనక నుంచి మెడ కిందిదాకా పిన్నులు కొట్టిన గీత, ముక్కులో గొట్టం, మెడ పక్కనుంచి వేలాడే సీసాలోకి ఎర్రటి నీళ్ళు. అక్క కళ్ళు తెరిచేసరికి బావగారు ఆ సీసా వెలుతురుకి ఎత్తి చూస్తున్నారు. "అచ్చం చేప కడిగిన నీళ్ళేనండి" అన్నారు, ఏదో కనిపెట్టినట్టు. నేనాయన్ని చొక్కా పట్టుకుని బయటికి లాగాను. నా వేళ్ళకి పొలుసులు అంటుకున్నాయి.

సిస్టరు ప్లాస్టిక్ డబ్బా పట్టుకొచ్చింది. అందులో నీళ్ళలాంటి మందు, మందులో అక్క మెడలోంచి తీసినవన్నీ. "మూత తియ్యకండి, ఇలాగే బెజవాడ ల్యాబుకెళ్ళాలి. మా మనిషి పట్టుకెళ్తాడు" అంది.

"వేరేవాళ్ళ చేతికిస్తే దారిలో సరుకు మారిపోద్దండి" అన్నారు బావగారు. "నేనే పట్టుకెళ్తాను. ఆయ్, నాకు అలవాటే."

సరుకు! సంతకం పెట్టి డబ్బా తీసుకున్నారు. నేను అక్క దగ్గర కూర్చున్నాను. ఆదివారం ల్యాబు లేదు కనుక, సోమవారం పొద్దున్నే ఇద్దరం కలిసి వెళ్దామనుకున్నాం.

సోమవారం వ్యాను ఆస్పత్రి ముందు ఆగింది. బావగారు ముందు సీట్లో కూర్చుని, ఒళ్ళో తెల్లటి థర్మోకోల్ పెట్టె పట్టుకుని ఉన్నారు. దాని మీద రొయ్య బొమ్మ. చుట్టూ ప్యాకింగు టేపు. అడుగునుంచి నీళ్ళు కారి ఆయన పంచె తొడల దాకా తడిసింది.

"డబ్బా ఏదండీ?" అన్నాను.

"దాంట్లోనా! ఎంత మోసమండీ. మూత తియ్యగానే కళ్ళు మండిపోయాయి. ఫార్మలిన్ అండి! మీ అక్కగారి కండకి ఫార్మలిన్ పోసిచ్చారు. ఇదే పని మనం చేస్తే లారీ వెనక్కి తిప్పుతారు."

"తీసి ఏం చేశారు?"

"ఆ మందు పారబోసి, కుళాయి కింద మూడు నీళ్ళు కడిగి, కవర్లో కట్టి ఐసులో పెట్టానండి. షెడ్డులోనే ఉంది రెండు రోజులూ. చూడండి, నీచు కూడా రావట్లేదు."

బెజవాడ దారిలో హనుమాన్ జంక్షన్ దాటాక వ్యాను ఆపించి రోడ్డు పక్కన కూర్చున్నాను. ఆ పొద్దున తిన్న ఇడ్లీలే కాదు, చిన్నప్పుడు తిన్న బారసాల భోజనాలతో సహా బయటికొచ్చాయి. బావగారు దిగి నా వెనక నిలబడి, "ఎండ దెబ్బండి" అంటూ వీపు రాశారు. ఆ చేత్తోనే. పెట్టె మాత్రం కింద పెట్టలేదు. రెండో చేత్తో గుండెకి ఆనించి పట్టుకున్నారు, నీళ్ళు మోచేతి మీదుగా కారుతుంటే. పెళ్ళాం మీద ఆయనకి ప్రేమ లేదని నేననను. ఆ ప్రేమ చూసే నాకు మళ్ళీ వాంతి వచ్చింది.

ల్యాబు డాక్టరు కళ్ళద్దాల పెద్దమనిషి. టేపు కోసి మూత తీశాడు. కరిగిన మంచునీళ్ళలో రెండు కవర్లు తేలుతున్నాయి. రెండింట్లోనూ పాలిపోయిన ముక్కలు. ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"ఇందులో ఆవిడది ఏదండీ?"

"రెండోది కొరమేనండి, మీకే" అన్నారు బావగారు సిగ్గుపడుతూ. "శుభ్రం చేయించి ముక్కలు కొట్టించాను. వట్టి చేతుల్తో ఎలా వస్తామండి, రిపోర్టు మంచిగా రాయాలి కదా."

"అది సరేనండీ. ఏది ఏదీ?"

 బావగారు ఆ రెండు కవర్లూ విప్పి, ఒకదాని తర్వాత ఒకటి ముక్కుకి ఆనించి పీల్చి, ఎడమచేతిది ముందుకి చాపారు. "ఇదండి మా ఆవిడది."

ల్యాబులో ఉన్నవాళ్ళందరూ చేస్తున్న పని ఆపేశారు. నేను గోడకేసి తిరిగాను.

డాక్టరు గొంతు పెంచకుండానే చెప్పాడు. ఆ మందు కణాల్ని ఉన్నవి ఉన్నట్టు బిగించి ఉంచుతుందట. మంచు కుళ్ళు కాస్త ఆలస్యం చేస్తుందేగానీ ఆపలేదు. పైగా రెండు రోజులు ఆ నీళ్ళలో నానింది.

"మా చేప వారం రోజులు నిలవుంటుందండి మంచులో" అన్నారు బావగారు.

"చేపని వండుకుంటారండీ. దీన్ని మేం చదవాలి."

రిపోర్టు వచ్చింది. ఒక బిళ్ళలో జబ్బు కనిపించింది. పొర చీల్చుకుని బయటికొచ్చిందో లేదో చెప్పడానికి పొరే మిగల్లేదు. తక్కినవి చెడిపోయి చూడటానికి పనికిరాలేదు. డాక్టరమ్మ ఆ కాగితం రెండుసార్లు చదివి బల్ల మీద పెట్టింది.

"తెలియనప్పుడు బయటికొచ్చిందనే అనుకోవాలండీ. కరెంటు పెట్టించడమే మంచిది."

అక్క మెడ తిప్పలేక మొత్తం మనిషే బావగారివైపు తిరిగింది. ఆయన ఏదో ఒకటి అనాలి కదా. అన్నారు.

"ఐసు తక్కువైందండి డాక్టరుగారూ. ఇంకో దిమ్మ వేయించాల్సింది."

ఆ గదిలో నాకు చెయ్యెత్తాలనిపించింది. డాక్టరమ్మ బల్ల అడ్డం ఉంది.

కరెంటు పెట్టారు. గొంతు లోపల పొక్కింది. పళ్ళు కొన్ని పీకించారు. నోట్లో తడి ఆరిపోయింది. నీళ్ళ సీసా పక్కన లేకుండా అక్క ఒక ముద్ద మింగలేదు. పులుసు చుక్క అరచేతిలో వేసుకుంటుంది, నాలికకి తాకిస్తుంది, ఏమీ తెలియక చీర కొంగుకి తుడిచేస్తుంది. ఆ పక్క భుజం జారి, చెయ్యి పైకెత్తి జడ వేసుకోవడం కుదరదు. ఆ ఇంట్లో ఒకరికి ఉమ్మి లేదు, ఇంకొకరికి ఉమ్మడం తప్ప పని లేదు. అక్క పక్కనే కూర్చుని, ఆ జర్దానే నములుతూ, "ఇదిగో, నీళ్ళు తాగు" అని సీసా అందించేవారు బావగారు. పెదాల ఎరుపు సీసా మూతికి అంటేది. ఎందుకంటే ముందు తాను తాగి చూసి ఇచ్చేవారు, వేడిగా ఉందేమోనని.

అక్క మాట కూడా మారింది. నాలుక ఒక పక్క పోయింది కదా, మాటలు తడిసిన అట్టముక్కల్లా వస్తాయి. బావగారికి అర్థమయ్యేది కాదు. ఆయన అర్థం చేసుకోవాలని కూర్చోలేదు, అదీ నిజం. నాకు మాత్రం ఎలాగో పట్టుబడింది. బ్యాంకులో, బట్టల కొట్టులో, చుట్టాల ముందు అక్క అన్నది నేను తిరిగి చెప్పేవాణ్ణి. ఉన్నదున్నట్టు చెబితే నేను నేనెలా అవుతాను? బట్టల కొట్టువాడితో అక్క "రంగు పోతుందేమో" అంటే, "ఇలాంటి చీర నీ చెల్లెలికి కడతావా అంటోందండీ" అని చెప్పి ధర తగ్గించిన రోజులున్నాయి. అక్క మూతి బిగించుకుని నవ్వేది.

ఇక బావగారు చేసిన అసలు ఘనకార్యం వినండి. అక్క బతికింది. ఏడాది తిరిగింది, రెండేళ్ళు తిరిగాయి, మెడ శుభ్రంగా ఉందని డాక్టరమ్మ చెప్పింది. దాంతో ఆయన కథ మార్చేశారు. కైకలూరులో పెళ్ళయినా, ముదినేపల్లిలో గృహప్రవేశమైనా, విస్తరి ముందు కూర్చుని మొదలుపెట్టేవారు. "ఆస్పత్రోళ్ళు ఫార్మలిన్ పోసి పాడు చెయ్యబోయారండి. నేను గబుక్కున ఐసులో పెట్టబట్టి మనిషి దక్కింది." వినేవాళ్ళకి తెలీదు, తీసేసిన ముక్కని ఎక్కడ పెట్టినా లోపలున్న మనిషికి ఏమీ కాదని. చేతులెత్తి దణ్ణం పెట్టేవారు. నేను పక్క విస్తట్లో పప్పన్నం కెలుకుతూ కూర్చునేవాణ్ణి. ఒకసారి "అది కాదండీ" అని నోరు విప్పితే, "మా బావమరిదికి కుళ్ళండి, ఉల్లిపాయల వ్యాపారం కదా" అని పంక్తి మొత్తాన్ని నవ్వించారు. ఒక్కసారంటే ఒక్కసారి, అక్కతో ఒంటరిగానైనా, తప్పయింది అనలేదు. అక్కే చెప్పింది. ఎదురుచూసిందట.

ఏలూరులో దిగి బస్సెక్కి ఆకివీడు వెళ్ళాను. జరగాల్సినవన్నీ జరిగాయి. కర్మల రోజుల్లో ఓ మధ్యాహ్నం హాల్లో చాప మీద అక్క కూర్చుంది, పక్కన నేను. పరామర్శకి ఆడవాళ్ళు వచ్చారు. పక్కింటి వాళ్ళు పంపిన కాఫీలు ముందు పెట్టాను. వాళ్ళలో ఎర్రంచు చీర కట్టుకున్న పెద్దావిడ అక్క చెయ్యి పట్టుకుని బావురుమంది.

"ఎంత అదృష్టవంతురాలివమ్మా! మొగుడంటే ఆయనే! నీ మెడ బిళ్ళల్ని ఒళ్ళో పెట్టుకుని, మంచులో దాచి, ప్రాణం పోశాడమ్మా నీకు. అంతటివాడికి ఇలాంటి చావు రావాలా!"

తక్కినవాళ్ళు కొంగులు కళ్ళకి పెట్టుకున్నారు. అక్క చెయ్యి వెనక్కి తీసుకుంది. సీసా ఎత్తి గుక్కెడు నీళ్ళు నోట్లో పోసుకుని, అటూ ఇటూ తిప్పి మింగి, మెల్లిగా ఒక మాట అంది.

"ఏమంటోందండీ పాపం? ఆయన గురించేనా?" అని పెద్దావిడ నన్నడిగింది.

"ఆయన గురించేనండీ."

అక్క నావైపే చూస్తోంది.  ఆ ఇంట్లో మొదటిసారి ఒక్క అక్షరం పెంచకుండా, ఒక్క అక్షరం తుంచకుండా చెప్పాను.

"'నేను ఆయన వల్ల బతకలేదు, ఆయనున్నా బతికాను' అంటోందండీ."

 కొంగులు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. పెద్దావిడ నేనేదో కల్పించానేమోనని అక్క మొహంలోకి చూసింది. అక్క అవునన్నట్టు తలాడించి, మళ్ళీ నీళ్ళు తాగి, నాతో ఇంకో మాట అంది.

"ఇప్పుడేమంటోందండీ?" అంది పెద్దావిడ, భయం భయంగా.

"కాఫీ చల్లారిపోతోందట. తాగి వెళ్ళమంటోంది."